మా పిండి మరకు పట్టిన సులభయోగం

చిన్న వ్యాపారులకు ఇక కష్టాల్లేవు. ఈ మాట నేననడం లేదు, ప్రభుత్వమే అంది. గోడల మీద రాసింది, బస్సుల వెనక రాసింది, మన ఫోన్లకు పంపింది. ఇంత చెప్పాక కూడా పొద్దున్నే షట్టరు ఎత్తేటప్పుడు మీ నడుం పట్టేస్తోందంటే అది మీ నడుం తప్పు గాని విధానం తప్పు కాదు!

ముఖ్యంగా నేను టోకెన్ మిషను పక్షం మనిషిని. నవ్వేవాళ్లు నవ్వండి. మనిషి నిప్పును కనిపెట్టాడు, చక్రాన్ని కనిపెట్టాడు, ఆ తర్వాత చాలాకాలం గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు. మళ్లీ చెప్పుకోదగ్గది కనిపెట్టింది ఇదే. మీట నొక్కితే కాగితం ముక్క ఒకటి నాలుక చాపినట్టు బయటికి వస్తుంది. మీరు ఎన్నోవారో దాని మీద ఉంటుంది. ఈ లోకంలో నా స్థానం ఏమిటి అని తత్వవేత్తలు జన్మంతా తల బద్దలు కొట్టుకున్నా తేలని సంగతిని అది క్షణంలో తేల్చేస్తుంది.

ఇంత ధైర్యంగా మాట్లాడటానికి నాకున్న అర్హత ఏమిటంటారా? నేను పిండి మర యజమానురాలి భర్తను. మర మా ఆవిడ నడుపుతుంది, ఈ కాలమ్ నేను నడుపుతాను. ఈ రెంటిలో ఇంటిని నడిపేది ఏదో మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. మా ఆవిడ మాత్రం అప్పుడప్పుడు అంటుంది.

మా మర గురించి కాస్త చెప్పాలి. ఇరుకైన గది. మధ్యలో ఒక మోటారు, ఒక బెల్టు, ఒక రాయి. పైన గింజలు పోసే గరాటు, కింద పిండి జారే గుడ్డ గొట్టం. గోడ గడియారం మీద పిండి, బల్బు మీద పిండి, నా కళ్లజోడు మీద పిండి. మా ఆవిడ తలకు గుడ్డ కట్టుకుని నిలబడి, జారుతున్న పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, రాయిని బిగించడమో వదులు చేయడమో చేస్తుంది. పెళ్లిచూపుల్లో నా చొక్కా అంచును కూడా అలాగే నలిపి చూసింది. ఏం తేలిందో ఇంతవరకు చెప్పలేదు.

ఉన్నది ఒకటే రాయి కాబట్టి ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. పొద్దున బియ్యం, గోధుమలు. ఎండెక్కాక మొక్కజొన్న. సాయంత్రం మిరియాలు. అన్నీ అయ్యాక, దీపాలు పెట్టే వేళకు మిరపకాయలు. చివర్న గుప్పెడు నూకలు పోసి తిప్పితే రాయికి అంటిన కారమంతా నూకలతో పాటు బయటికి వచ్చేస్తుంది. ఆ ఎర్ర నూకల్ని పెరట్లో పారబోస్తే కాకులు కూడా దూరం నుంచే చూసి వెళ్లిపోతాయి. ఎవరు ముందొచ్చారన్నది ఆవిడకు పట్టదు. ఎవరి డబ్బాలో ఏముందన్నదే ముఖ్యం.

ఎంత నిరంకుశత్వమో చూశారా! మా వీధిలో కారం పొడి పొట్లాలు కట్టి అమ్మే పెద్దాయన ఒకరున్నారు. అందరం కారం బాబాయి అంటాం. పాపం, ఆయన మిరపకాయల బస్తా భుజాన వేసుకుని షట్టరు ఎత్తకముందే వచ్చి నిలబడ్డా, ఆయన వంతు అందరికంటే చివర్నే. అయినా ఏనాడూ నోరెత్తలేదు. బస్తా ఓ మూల దింపి, తన పని చూసుకుని, సాయంత్రం వచ్చేవాడు. తనకు అన్యాయం జరుగుతోందని ఆయనకు ఎవరూ చెప్పలేదు మరి.

ఇలా ఉండగా మా ఆవిడకు ఒక కోరిక పుట్టింది. నగలు కాదు, చీరలు కాదు. రెండో మర! మిరపకాయలకు వేరే రాయి, వేరే మోటారు ఉంటే రెండు రకాలూ రోజంతా ఆడించుకోవచ్చు, కారం బాబాయిని సాయంత్రం దాకా ఆపక్కర్లేదు, రాయి కడుక్కునే బాధ ఉండదు అంటుంది. పక్క వీధిలో ఎవరో మర ఎత్తేస్తుంటే ఆ మరను కొనేసింది కూడా. అది మా వెనక గదిలో పాత దుప్పటి కప్పుకుని కూర్చుంది. దానికి కావలసిందల్లా కరెంటు. ఉన్న కనెక్షను ఒక్క మోటారునే మోస్తుంది. అందుకని స్తంభం నుంచి ఇంకాస్త లావు వైరు లాగి లోడు పెంచమని అర్జీ పెట్టింది. బిల్లు ఎంతొచ్చినా కట్టుకుంటానంది.

అదీ చిన్న వ్యాపారుల బుద్ధి! ప్రభుత్వం విధానాలు ఇస్తానంటుంటే వీళ్లు వైర్లు అడుగుతారు.

అర్జీ సంగతి కనుక్కోవడానికి నేను వెళ్లాను, ఎందుకంటే మా ఇంట్లో తీరిక ఉన్న మనిషిని నేనే. కరెంటు ఆఫీసువాళ్లు నన్ను ఇంకో ఆఫీసుకు పంపారు. అక్కడ కొత్తగా ఒక అధికారిని వేశారు. చిన్న వ్యాపారాలను సులభం చేయడమే ఆయన ఉద్యోగం. ఆయన హోదా పేరు పూర్తిగా చదవాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకోవాలి, అందుకని నేను సులభాధికారి అంటాను.

ఆయన్ని చూసి నేను కరిగిపోయాను. లేచి కుర్చీ చూపించారు. మంచినీళ్లు ఇప్పించారు. లంచం మాట దేవుడెరుగు, నా టీకి కూడా ఆయనే డబ్బులిచ్చారు. నేను వైరు గురించి నోరు తెరిచేలోపు, అన్నీ సిస్టమ్ చూసుకుంటుందనీ, ముందు మా మరకు సులభ రేటింగ్ రావాలనీ చెప్పారు. రేటింగ్ రావాలంటే టోకెన్ మిషను పెట్టుకోవాలి. టోకెన్ మిషను ఉచితం. ఉచితం అన్న మాట చెవిన పడగానే సంతకం పెట్టేశాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ జల్లెడ పట్టడం ఆపి నా వైపు చూసింది.

"వైరు అడిగి రమ్మంటే పెట్టె ఒప్పుకుని వచ్చారా?" అంది.

మేధావుల్ని పెళ్లాడిన ఆడవాళ్లకు కృతజ్ఞత తక్కువ.

టోకెన్ మిషను వచ్చింది. నీలం రంగు, పైన ఒక దీపం, లోపల ఒక తియ్యటి ఆడగొంతు. నియమం ఒక్కటే. ఎవరు ముందు టోకెన్ తీసుకుంటే వాళ్ల గింజలే ముందు ఆడాలి. ఫీజులు కట్టే కిటికీకీ, చెప్పులు కుట్టే కొట్టుకూ, మంగలి కుర్చీకీ, మా మరకూ అదే నియమం. సమానత్వం అంటే అది! మిషనును మోటారుకు కలిపి పెట్టారు కాబట్టి టోకెన్ పిలవకుండా రాయి తిరిగితే దానికి తెలిసిపోతుంది. ఎర్ర దీపం వెలిగిస్తుంది, "సేవలో వరుస తప్పినది" అని వీధంతా వినపడేట్టు చెబుతుంది, ఆఫీసుకూ చేరవేస్తుంది. ఆ చాడీల గుణం ఒక్కటి తీసేస్తే మంచి పిల్లే.

మొదటి రోజు మొదటి టోకెన్ కారం బాబాయి చేతికి వచ్చింది. ఇన్నేళ్ల అన్యాయానికి అలా తెర పడింది. ఆయనకు మాత్రం భయం వేసింది. సాయంత్రం వస్తాలే అమ్మాయ్ అని వెనక్కి తగ్గబోయాడు. మిషను ఒప్పుకుంటుందా? ఆయన నంబరు పిలిచింది, మళ్లీ పిలిచింది, గొంతులో తీపి తగ్గించి ఇంకోసారి పిలిచింది. మా ఆవిడ పళ్లు కొరుక్కుంటూ మిరపకాయలు గరాటులో పోసింది. తర్వాతి టోకెన్ బేకరీ అన్నయ్యది. మా ఎదురుగా బేకరీ ఆయనదే. మా ఆవిడ అన్నయ్యా అని పిలుస్తుంది కాబట్టి నన్ను బావగారూ అంటాడు. ఆయన గోధుమలు మిరపకాయల వెనకే రాయిలోకి దిగాయి.

ఆ రోజు నుంచి మా వీధికి పట్టిన అదృష్టం ఇంతా అంతా కాదు.

బేకరీ అన్నయ్య బన్నులు తిన్న బడిపిల్లలు పంపు దగ్గర వరుస కట్టారు. పిల్లలు మంచినీళ్లు తాగడం లేదని తల్లులు మొత్తుకుంటుంటే ఏ డాక్టరూ చేయలేని పని మా రాయి చేసింది! నాలుగిళ్ల అవతల ఒక కొత్తల్లుడు తనకూ వంట వచ్చని చూపించుకోవడానికి రొట్టెలు కాల్చి అత్తమామలకు పెట్టాడు. ఇద్దరూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తన ప్రేమకు కరిగిపోయారనుకుని అతను ఇంకో రెండేసి వడ్డించాడు. ఏళ్ల తరబడి ముక్కు దిబ్బడతో బాధపడుతున్న రిటైర్డ్ లెక్కల మాస్టారు మా బియ్యప్పిండి జావ తాగి, ముక్కు పూర్తిగా వదిలిందని స్వయంగా వచ్చి చెప్పారు. ఆ తర్వాత మళ్లీ మా మరకు రాలేదనుకోండి, అది వేరే సంగతి.

అన్నిటికంటే పెద్ద మేలు ప్రభుత్వానికే జరిగింది. మా వీధిలో పోస్టర్లు అంటించే అతను మా దగ్గరే పిండి పట్టించుకుని జిగురు కాస్తాడు. అతను పోస్టరు అంటించి అటు తిరగ్గానే ఒక మేక వచ్చి పీకి తినేసేది. చిన్న వ్యాపారాలు ఎంత సులభమైపోయాయో చెప్పే పోస్టర్లంటే దానికి ప్రాణం. ఈసారి మాత్రం ఒక్కసారి నాకి, గిరుక్కున తిరిగి, వీధి చివరి దాకా పరుగు తీసింది. ఇప్పటికీ ఆ గోడ వైపు రాదు. విధానాల వల్ల ఫలితాలు రావడం లేదనేవాళ్లు వచ్చి ఆ గోడ చూడాలి!

మా ఆవిడకు ఇవేవీ ఆనలేదు. కారం పట్టించిన ప్రతిసారీ గుప్పెడు నూకలు తిప్పి రాయి కడుగుతానంది. మిషను ఊరుకోలేదు. టోకెన్ లేకుండా రాయి ఎలా తిరుగుతుంది? సరే, మా ఆవిడ మాత్రం తక్కువ తిందా? నూకలకు కూడా టోకెన్ తీసింది. కాని ఆవిడ తీసేలోపు ఇంకొందరు తీసేసుకున్నారు. దాంతో గిన్నెడు నూకలు టోకెన్ పక్కన పెట్టుకుని బల్ల మీద బుద్ధిగా కూర్చున్నాయి. వాటి నంబరు పిలిచేసరికి కడగాల్సిన కారం కాస్తా ముందున్నవాళ్ల పిండిలోకి సమానంగా పంపిణీ అయిపోయింది.

ఈ గొడవల మధ్యలోనే సులభ వ్యాపార అవగాహన సదస్సుకు పిలుపు వచ్చింది. వ్యాపారులు కొట్లు కట్టేసి రావాలన్నారు. కొట్టు కట్టేస్తే గడవదు కాబట్టి ప్రతి కొట్టువాళ్లూ తమ ఇంట్లో ఉన్న పనికిమాలిన మగవాణ్ణి పంపారు. దర్జీ తమ్ముడు, తాళాలు చేసే అతని మామగారు, బ్యూటీ పార్లర్ ఆవిడ భర్త, నేను. హాలంతా మా జాతే! సమయం ఆదా చేయడం ఎలా అన్న విషయం మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెప్పారు. మాలో ఒక్కరికీ వ్యాపారం తెలియదు కనుక చర్చ హాయిగా సాగింది. నేను చెయ్యెత్తి వైరు మాట ఎత్తాను. అది ఈ రోజు అంశాల్లో లేదన్నారు. ఆ రోజు మమ్మల్ని అభిప్రాయం అడిగింది టోకెన్ కాగితం రంగు గురించి. గులాబీ రంగు గెలిచింది. భోజనం బాగుంది.

నేను గులాబీ రంగు గెలిపించి వచ్చేసరికి మరలో డబ్బాలు తగ్గడం మొదలైంది. బల్ల మీద చోటు లేక నేల మీద పెట్టే డబ్బాలు బల్ల మీదికి వచ్చాయి. తర్వాత బల్ల మీద కూడా ఖాళీ కనపడింది. చివరికి ఒక మధ్యాహ్నం బేకరీ అన్నయ్య వచ్చి గుమ్మంలో నిలబడి చాలాసేపు వాన గురించి మాట్లాడాడు. బయట ఎండ కాస్తోంది.

"చెల్లెమ్మా, నిన్ను వదిలి వెళ్లడం నాకిష్టం లేదు. కాని బన్ను మండుతుంటే ఎవరు కొంటారు చెప్పు" అని, తల వంచుకుని వంతెన అవతలి మరకు వెళ్లిపోయాడు.

మా ఆవిడ వాళ్ల నాన్న ఈ మర నడిపే రోజుల నుంచీ ఆ బేకరీ గోధుమలు మా రాయి మీదే ఆడుతున్నాయి. ఆవిడ తలగుడ్డ విప్పేసి స్టూలు మీద ఊరికే కూర్చుంది. ఆవిడ చేతులకు పిండి లేకపోవడం నేను అప్పుడే చూశాను. మోటారు చప్పుడు లేకపోయేసరికి గడియారం కొట్టుకోవడం వినపడింది. నాకేం బాగాలేదు. ఎంత వ్యంగ్యం రాసుకునేవాడికైనా కొన్ని చూడబుద్ధి కాదు.

సరిగ్గా ఆ వారమే సులభాధికారి తనిఖీకి వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయి, సంతోషం పట్టలేక చేతులు రుద్దుకున్నారు. క్యూ లేదు. తోపులాట లేదు. ఎవరూ విసుక్కోవడం లేదు. ఎదురుచూసే సమయం సున్నా అని మిషను కూడా సాక్ష్యం చెప్పింది. ఇంత సులభంగా నడుస్తున్న వ్యాపారాన్ని తాను ఇంతవరకు చూడలేదని, నాలుగు నక్షత్రాల బోర్డు తానే స్వయంగా మేకు కొట్టి తగిలించారు. మా ఆవిడ లేచి, "సార్, నా కరెంటు..." అనబోయింది. అన్నీ సిస్టమ్ చూసుకుంటుందమ్మా అన్నారు.

సిస్టమ్ నిజంగానే చూసుకుంది. మర్నాడే ఫోనుకు సందేశం వచ్చింది. మా రేటింగ్ బాగుందట, రద్దీ మాత్రం లేదట. రద్దీ లేని చోట రెండో మోటారు అవసరం కనపడటం లేదట.

మా ఆవిడ అది ఇటు తిప్పి, అటు తిప్పి చదివింది. "రద్దీ కావాలన్నమాట" అంది. తలగుడ్డ మళ్లీ కట్టుకుంది. ఆవిడ అలా కట్టుకుందంటే నాకు ఏదో పని పడబోతోందని అర్థం.

ఆవిడ ఆలోచన ఇది. మిషను లోపలుంది. దానికి తెలిసిన లోకం గుమ్మం దగ్గర మొదలవుతుంది. గుమ్మం బయట ఎవరు ముందో, ఎవరు వెనకో దానికేం తెలుసు? కాబట్టి వరుస ఏదో బయటే తేల్చుకుని, ఆ వరుసలో లోపలికొచ్చి టోకెన్ తీసుకుంటే సరిపోతుంది. ఆవిడ ఇల్లిల్లూ తిరిగి ఈ సంగతి చెప్పింది. అందరికంటే ముందు బేకరీ అన్నయ్య కొట్టుకే వెళ్లి, ఒక్కసారి నమ్మమని అడిగింది. ఆయన ఆ మాట కోసమే కాచుకున్నట్టు అప్పటికప్పుడు గోధుమల బస్తా ఎత్తుకొచ్చాడు.

మర్నాటి నుంచి నా కార్యాలయం పేవ్‌మెంటు మీదికి మారింది. ఒక ప్లాస్టిక్ కుర్చీ, పైన ఎండకు కట్టిన ఒక పట్టా. వచ్చినవాళ్ల డబ్బా మూత తీసి చూడటం, తెల్లవాటిని గుమ్మం దగ్గరికి, పచ్చవాటిని మధ్యకు, ఎర్రవాటిని గోడవారకు పంపడం నా ఉద్యోగం. కారం బాబాయి అందరికంటే ముందొచ్చి అందరికంటే చివర్న వెళ్లే తన పాత హక్కు తిరిగొచ్చినందుకు మురిసిపోయి, నాకు సహాయకుడిగా చేరాడు. ఆయన వెనక నూకల గిన్నె. అంటే పాత పద్ధతే, మధ్యలో నీలం పెట్టె అదనం. చిన్న వ్యాపారం సులభం కావడం వల్ల ఉపాధి పెరగదని ఎవరన్నారు? ఒక్క మరలో ఇద్దరు మగవాళ్లకు కొత్తగా ఉద్యోగాలు వచ్చాయి. జీతం లేదు, కాని పరపతి ఉంది.

వెళ్లిపోయినవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. లెక్కల మాస్టారు తప్ప అందరూ వచ్చారు. పిండి మళ్లీ తెల్లబడింది. మేక కూడా గోడ వైపు ఓసారి చూసింది గాని ధైర్యం చాలలేదు.

ఈసారి సులభాధికారి వచ్చేసరికి పేవ్‌మెంటు నిండా జనం, లోపల టోకెన్లు ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి, ఒక్క ఎర్ర దీపం లేదు. ఆయన కళ్లు చెమర్చాయి. అయిదో నక్షత్రం అతికించారు. రద్దీ ఉంది, రేటింగ్ ఉంది, ఇక అడ్డేముంది? మా ఆవిడ ఫోను చేతిలోనే పెట్టుకుని తిరిగింది. సందేశం వచ్చింది. ఉన్న ఒక్క మరతోనే ఇంతమందికి సంతృప్తికరమైన సేవ అందుతున్నందున మీ సమస్య పరిష్కారమైనట్లు భావించి అర్జీని మూసివేయడమైనది, అభినందనలు అని ఉంది.

ఆ రోజు మా ఆవిడ కారాలూ మిరియాలూ నూరింది. మర ఆపేసి మరీ నూరింది. సులభాధికారి పేరు ఎత్తితే ఒట్టు, అంతా నా మీదే.

అయితే ఆ మహానుభావుడి మనసులో వేరే బాధ ఉందని తర్వాత తెలిసింది. పేవ్‌మెంటు మీద అంతమంది జనం టోకెన్ లేకుండా నిలబడటం చూసి ఆయనకు అన్నం సయించలేదట. నిబంధనల్లో వెతికి, మా గుమ్మం ముందే ఒక నిరీక్షణ కేంద్రం మంజూరు చేయించారు. అందులో ఇంకో టోకెన్ మిషను ఉంటుంది. లోపలి టోకెన్ కోసం బయట ఆగేవాళ్లు ముందు బయటి టోకెన్ తీసుకోవాలి. కరెంటు ఖర్చు మాత్రం మర యజమానురాలిదే.

ఈ నిరీక్షణ కేంద్రానికి ఉన్న నమూనా ఒక్కటేనట. పెద్దాసుపత్రుల కోసం గీసింది. వరుసగా టోకెన్ నంబర్లు చూపే తెరలు, వరుసగా ఫ్యాన్లు, చల్లగాలి యంత్రాలు. నిధులు చాలక మాకు వచ్చేసరికి ఒక రేకుల పందిరి, ఒక తెర, ఒక ఫ్యాను, ఒక మిషను మిగిలాయి. కరెంటు లోడు మాత్రం నమూనా ప్రకారమే! ఎన్నాళ్లు తిరిగినా కదలని స్తంభం దగ్గరికి రెండు నిచ్చెనలు వచ్చాయి. నా బొటనవేలంత లావు వైరు సాయంత్రానికల్లా మా గుమ్మం ముందు దిగింది. కనెక్షను మా ఆవిడ పేరు మీద, మీటరు మా గోడకు.

లైన్‌మన్ చేతులు దులుపుకుంటూ, "ఈ ఫ్యానుకూ ఈ పెట్టెకూ ఇంత వైరు దండగమ్మా. దీని మీద ఇంకో మర తిరుగుతుంది" అన్నాడు.

మా ఆవిడ లోపలికి వెళ్లింది. అతనికి టీ పెట్టి ఇచ్చింది. చక్కెర రెండు చెంచాలు ఎక్కువే వేసినట్టుంది.

ఆ తర్వాత వెనక గదిలోని దుప్పటి మడతపడి బీరువాలోకి వెళ్లిపోయింది. ఎవరు మడతపెట్టారు, గోడకు కన్నం ఎప్పుడు పడింది, వైరు అటెలా మళ్లింది అని నన్నడక్కండి. నేను చట్టాన్ని గౌరవించే కాలమిస్టును. చూసింది రాస్తానంతే. చూసిందేమిటంటే, ఇప్పుడు మిరపకాయలూ మిరియాలూ వెనక గుమ్మం నుంచి వెళ్లి వెనక రాయి మీద ఆడుతున్నాయి. తెల్లవి ముందు రాయి మీద ఆడుతున్నాయి. కారం బాబాయి పొద్దున్నే వచ్చి, పొద్దున్నే పట్టించుకుని, పొద్దున్నే వెళ్లిపోతున్నాడు. ఎవరు ముందొస్తే వాళ్లకే ముందు. అంటే టోకెన్ మిషను మొదటి నుంచీ చెప్పింది నిజమే! దానికి ఇంకో మర తోడు లేకపోవడమే లోపం.

నిరీక్షణ కేంద్రంలో ఇప్పుడు నిరీక్షించేవాళ్లెవరూ లేరు. కాని టోకెన్లు కదలకపోతే రేటింగ్ పడిపోతుంది కదా? అందుకని నేను అక్కడ కూర్చుని గంటకు కొన్ని తీసుకుంటున్నాను. ఆ గొంతు నన్ను పిలుస్తుంది, నేను లేస్తాను, మళ్లీ కూర్చుంటాను. ఇంత శ్రద్ధగా సేవలు అందుకున్న పౌరుడు ఇంకొకడు ఉండడు. కాలమ్ కూడా అక్కడే రాసుకుంటున్నాను, ఫ్యాను బాగా తిరుగుతుంది.

బిల్లు వచ్చిన ప్రతిసారీ మా ఆవిడ చివరి పైసా దాకా కడుతుంది. ఒక్క యూనిట్ ఎగ్గొట్టలేదు. కట్టి వచ్చాక మాత్రం ఆ కాగితాన్ని డబ్బా అడుగున దోపేస్తుంది. ఆ బిల్లు మీద నిరీక్షణ కేంద్రం అని ఉంటుంది. పిండి మర అని ఉండదు. తండ్రి దగ్గర నేర్చుకున్న పనికి, నిజం చెప్పి, డబ్బు కడతానని అడిగితే దొరకని కరెంటు, ఆ పని ముందు ఊరికే నిలబడటానికి దొరికింది. దొంగతనం చేయని మనిషికి దొంగచాటు బతుకు ఎందుకు రావాలి? ఈ ప్రశ్న నాది కాదు, ఆవిడది. నేను విధానాల పక్షం.

పోయిన వారం పండగలాంటి రోజు. నిరీక్షణ కేంద్రాలన్నిటిలోకీ మాదే ఎక్కువ కరెంటు వాడుతోందని తేలింది. కరెంటు అంత వాడుతోందంటే జనం ఎంత వాడుతున్నట్టు? సులభాధికారి ఉప్పొంగిపోయి, వేరే ఊళ్ల అధికారుల్ని వెంటబెట్టుకుని మా కేంద్రం చూపించడానికి వచ్చారు. అందరూ ఖాళీ పందిరి కింద నిలబడి తెరను మెచ్చుకున్నారు, ఫ్యాను గాలిని మెచ్చుకున్నారు, తలా ఒక టోకెన్ తీసుకుని జేబులో పెట్టుకున్నారు. వెనక గదిలోంచి రెండో మోటారు చప్పుడు వస్తూనే ఉంది. అందరూ వరసగా తుమ్మారు. ఊరిలో దుమ్ము ఎక్కువైందని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు.

అప్పుడు సులభాధికారి మా ఆవిడను పిలిపించారు. వ్యాపారం ఇంత సులభం కావడానికి తాము చేసినవాటిలో దేని వల్ల ఎక్కువ మేలు జరిగిందో, అందరి ముందూ దాచకుండా చెప్పమన్నారు. ఆవిడకు అబద్ధం చెప్పడం చేతకాదు. కొంగుతో చేతుల పిండి తుడుచుకుని, ఆయన ముఖంలోకి చూసింది.

"వైరు సార్" అంది.

"ఏ వైరమ్మా?"

"స్తంభం నుంచి మా గోడకు వచ్చిన వైరు సార్. నాకు కావలసింది అదొక్కటే."

సులభాధికారి ముఖం పాలిపోయింది. నిజంగా నొచ్చుకున్నారు. "అయ్యో, వైరే కావాలనుకుంటే మొదట్లోనే ఒక్క మాట అడగాల్సిందమ్మా" అన్నారు.

పాఠకులారా, ఆయన నటించలేదు. అంత మంచి మనిషికి నటన రాదు. ఆయనకు నిజంగానే తెలియదు. మేం అడిగింది ఏమిటో వినడానికి ఆయనకు ఒక్క పూటైనా తీరిక చిక్కలేదు. పాపం, పొద్దస్తమానం మా పని సులభం చేయడంలోనే మునిగిపోయి ఉన్నారు.